రాయవెల్లూరు నుంచి మా వాడు ఇంటికి వస్తున్నాడు, డప్పులు వద్దంటున్నాడు

కాలవగట్టు
పదో తరగతి నాటి జట్టులో ఐదుగురం ఇంకా ఊళ్లోనే ఉన్నాం. ఆరోవాడు జూలైలో కొబ్బరిచెట్టు మీద నుంచి పడ్డాడు. దింపు మనుషులు రెండు రోజులుగా రాలేదు, వానకు మాను నాచు పట్టి జారుతోంది, అయినా "నాలుగు గెలలే కదా" అని తనే ఎక్కాడు. నడుము దగ్గర ఎల్‌1 అనే పూస నలిగిపోయింది. కాకినాడలో ఆపరేషన్ చేశారు. ఆ తరవాత మూడున్నర నెలలుగా తమిళనాడులో రాయవెల్లూరు సీఎంసీ ఆసుపత్రి పునరావాస విభాగంలో ఉన్నాడు. కాళ్లు కదలవు. చేతులు మాత్రం నా చేతుల కంటే గట్టిపడ్డాయి, మొన్న వెళ్లినప్పుడు పందెం వేసి ఓడిపోయాను. డిసెంబరు రెండో వారంలో ఇంటికి పంపుతామన్నారు.

రావులపాలెం నుంచి ఊరి దాకా మోటారు సైకిళ్లతో, డప్పులతో తీసుకురావాలని మేం ఐదుగురం అనుకున్నాం. పన్నెండడుగుల ఫ్లెక్సీ అచ్చు కూడా వేయించేశాం. నిన్న ఫోన్‌లో ఈ సంగతి చెబితే "ఫ్లెక్సీ కట్టారంటే కాట్పాడి స్టేషన్‌ నుంచే వెనక్కి పోతాను" అని ఫోన్ పెట్టేశాడు. నిజం చెప్పాలంటే మనసు చివుక్కుమంది. రక్తం ఇచ్చాం, వంతులు వేసుకుని అంత దూరం వెళ్లి పడుకున్నాం. సంతోషంగా తీసుకువద్దామనుకోవడం తప్పా?

రెండో ప్రశ్న. అందరం కలిసి లక్షా ఎనభై వేలు పోగు చేశాం. చేతిలో మూడు వారాలున్నాయి. వాళ్లది పాత పెంకుటిల్లు, అరుగు మూడడుగుల ఎత్తు. మరుగుదొడ్డి పెరట్లో నూతికి అవతల ఉంది. ఏ పని ముందు మొదలుపెట్టాలి?

పూతరేకు
తప్పేముందండీ. మొహమాటపడుతున్నాడు, అంతే. మీరు కానివ్వండి, వచ్చాక ఆయనే మురిసిపోతాడు. మన వైపు పెళ్లికొడుకు కూడా గుర్రం వద్దనే అంటాడు, ఎక్కిస్తే దిగడు.

పెసరట్టు_ఉప్మా
ఫ్లెక్సీలో ఎవరెవరి ఫొటోలు ఉన్నాయో ముందు చెప్పండి, తరవాత సలహా ఇస్తాను.

జోడుచక్రాలు
పూతరేకు గారూ, ఆయన పెళ్లికొడుకు కాదు. నేను 2009 నుంచి చక్రాల కుర్చీలో ఉన్నాను. పాలకొల్లు దగ్గర రాత్రిపూట గట్టు మీద బండి నడుపుతుంటే గేదె అడ్డం వచ్చింది. గేదె బాగానే ఉంది.

నన్ను కూడా ఊరేగించారు. మెడలో ఇంత లావు బంతిపూల దండ వేసి ఫొటో తీశారు. ఆ ఫొటో చూసి మా అమ్మ భోంచేయకుండా లేచిపోయింది. ఎందుకో మీకు తెలుసు. దండ వేసిన ఫొటో మన ఇళ్లలో ఏ గోడకు ఉంటుందో ఆలోచించండి.

ఇంకో సంగతి. ఇది మీ స్నేహితుడు మీకు ఫోన్‌లో చెప్పలేడు, కాబట్టి నేను చెబుతాను. ఆ స్థాయి దెబ్బకు మూత్రం మీద అదుపు ఉండదు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్నని గొట్టం పెట్టుకుని తనే ఖాళీ చేసుకోవాలి. రైలు ఆలస్యమై, దాని మీద రెండు గంటల ఊరేగింపు అంటే ఆ వేళ దాటిపోతుంది. ఊరంతా చూస్తుండగా, డప్పుల మధ్య, లుంగీ తడిస్తే? నాకు సరిగ్గా మా ఊరి రామాలయం ముందు అదే జరిగింది. నా పక్కన ఉన్నవాడు తెలివైనవాడు కాబట్టి నీళ్ల సీసా నా ఒళ్లో ఒలికించి "అయ్యో, ఒలికిపోయిందిరా" అని గట్టిగా అరిచాడు. ఆ ఒక్కడికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. దండ వేసిన వాళ్ల పేర్లు గుర్తులేవు.

కాలవగట్టు
జోడుచక్రాలు గారూ, ఇది మాకు తట్టనే లేదు. మూడుసార్లు చదివాను. మిగతా నలుగురికీ చదివి వినిపించాను. డప్పులు రద్దు.

పెసరట్టు_ఉప్మా గారూ, ఫ్లెక్సీ గురించి తరవాత మాట్లాడుకుందాం.

పూతరేకు
సరే, ఆ విషయం నాకూ తెలియదు, మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అరుగు గురించి అంత ఆలోచన ఎందుకు? ఐదుగురు దిట్టమైన స్నేహితులు ఉన్నారు కదా, ఎత్తుకుని ఎక్కిస్తారు, ఎత్తుకుని దింపుతారు. లక్షన్నర సిమెంటులో పోయడం ఎందుకు?

జోడుచక్రాలు
మధ్యాహ్నం మూడు గంటలకు ఆయనకు పెరట్లో అరటిగెల ఎంత ముదిరిందో చూడాలనిపిస్తే ఐదుగురికీ ఫోన్ చేయాలా?

తాపీపని
ముప్పై ఏళ్లుగా కోనసీమలో ఇళ్లు కడుతున్నాను. వాలుబాటకు లెక్క ఒకటే. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. మూడడుగుల అరుగుకు ముప్పై ఆరు అడుగులు వస్తుంది. అంతకంటే నిటారుగా కడితే ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి తిరగబడుతుంది, దిగేటప్పుడు మనిషి ముందుకు పడతాడు. అరుగు ముందు ఎంత జాగా ఉంది?

పెసరట్టు_ఉప్మా
ముప్పై ఆరు అడుగులా! గోదావరి దాటే పంటు ఎక్కే రేవు కూడా అంత పొడవు ఉండదేమో.

కాలవగట్టు
వీధి గేటు దాకా ఇరవై అయిదు అడుగులే ఉంది. ఆ అరుగు మూడడుగులు ఎందుకైందంటే, 1986 వరదలో వాళ్ల తాతగారి ఇంట్లోకి నడుము లోతు నీరు వచ్చిందట. మళ్లీ కట్టినప్పుడు పంతం పట్టి ఎత్తు చేయించారు. అప్పుడు గోదావరికి భయపడి పెంచిన ఎత్తు ఇప్పుడు మనవడికి అడ్డం వచ్చింది.

తాపీపని
అయితే తిన్నగా కాకుండా మడత పెట్టండి. పద్దెనిమిది అడుగులు గోడ వెంట వెళ్లి, అక్కడ రెండు దారులకూ సరిపడే వెడల్పుతో అయిదడుగుల పొడవు చపటా వేసి, మళ్లీ పద్దెనిమిది అడుగులు వెనక్కి రావాలి. ఆ చపటా మీద కుర్చీ తిప్పుకోవచ్చు, ఊపిరి తీసుకోవచ్చు. వెడల్పు నాలుగడుగులకు తగ్గించవద్దు. అంచున నాలుగు అంగుళాల గట్టు కట్టండి, చక్రం జారిపోకుండా ఉంటుంది. రెండు పక్కలా పట్టుకోవడానికి గొట్టం కమ్మీ పెట్టండి. ముఖ్యంగా, నునుపు చేయవద్దు. మన మేస్త్రీలకు పాలిష్‌ పిచ్చి ఉంది, నాతో సహా. పచ్చి సిమెంటు మీద అడ్డంగా చీపురుతో గీతలు గీయించండి. ఆషాఢంలో దాని విలువ తెలుస్తుంది. కింద గ్రావెల్ బాగా దిమ్మిస వేయకపోతే మన నల్లమట్టికి రెండో వానకే పగుళ్లు వస్తాయి.

జోడుచక్రాలు
తాపీపని గారు చెప్పింది అక్షరాలా నిజం. కానీ నన్నడిగితే వాలుబాట కంటే ముందు మరుగుదొడ్డి. బయటికి వెళ్లకుండా వారం రోజులు ఉండగలను. రెండోదానికి వారం ఆగలేను కదా.

పడకగదికి ఆనుకుని కట్టండి. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరిగేది పెట్టండి. లోపలికి తెరుచుకుంటే మనిషి పడిపోయినప్పుడు తలుపు తెరవలేరు. కుర్చీ వెడల్పు సాధారణంగా పాతిక అంగుళాల చుట్టూ ఉంటుంది, గుమ్మంలో ముప్పై రెండు అంగుళాల దారి మిగలాలి. కుర్చీలో కూర్చునే ఎత్తు ఎంతో ఆయన్నే కొలిచి చెప్పమనండి, కమోడు అదే ఎత్తులో ఉంటే పక్కకు జరిగి కూర్చోవచ్చు. గోడకు పట్టుకునే కమ్మీ పెడితే అది మనిషి బరువు ఆపాలి, తువ్వాలు కమ్మీ కాదు. మా ఇంట్లో మొదటిది నాతో సహా ఊడి వచ్చింది.

కాలవగట్టు
గడప సంగతి చెప్పండి. వీధి గుమ్మం గడప ఐదు అంగుళాలు ఉంది, పాత టేకు. కోయిద్దామంటే వాళ్ల అమ్మగారు ఏడుపు మొదలుపెట్టారు. ముప్పై ఎనిమిదేళ్లుగా ప్రతి శుక్రవారం పసుపు రాసిన గడప అది.

పూతరేకు
గడప కోయకూడదండీ. మూఢనమ్మకం అంటే అనండి. కష్టం వచ్చిన ఇంట్లో ఆ పెద్దావిడకు ఇంకో కష్టం ఎందుకు?

ఆత్రేయపురం_అబ్బాయి
మనిషి ముఖ్యమా, కొయ్య ముఖ్యమా? కోసేయండి. నెల తరవాత ఎవరూ గుర్తుపెట్టుకోరు.

తాపీపని
కోయనక్కరలేదు. గడపకు రెండు వైపులా వాలుగా చెక్కదిమ్మలు చేయించండి. అదే లెక్క, ఐదు అంగుళాలకు అయిదడుగులు. లోపల అంత జాగా లేకపోతే లోపలి గచ్చునే కొంచెం లేపండి. గడప అక్కడే ఉంటుంది. శుక్రవారం దిమ్మ పక్కకు తీసి పసుపు రాసుకుని మళ్లీ పెట్టుకుంటారు.

ఆత్రేయపురం_అబ్బాయి
ఇది బాగుంది. నా మాట కొట్టేయండి.

రాత్రిడ్యూటీ
నర్సుగా పదకొండేళ్లు చేశాను, అందులో నాలుగేళ్లు వెన్నుపూస రోగుల దగ్గర. కట్టుబడి గురించి అందరూ చెప్పారు, ఒంటి గురించి నేను చెబుతాను.

మీ స్నేహితుడికి నడుము కింద స్పర్శ ఉండదు. మనం కూర్చున్న చోట ఒత్తిడి పడితే తెలియకుండానే కదులుతాం. ఆయనకు ఆ కబురు మెదడుకు చేరదు. చేతులతో కుర్చీని నొక్కి పైకి లేవడం రాయవెల్లూరులో నేర్పే ఉంటారు, పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకసారి లేవాలి. పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి పక్క మార్చాలి. అద్దం పెట్టుకుని రోజూ వెనకభాగం చూసుకోవాలి. ఎర్రమచ్చ వచ్చి, నొక్కితే తెల్లబడకపోతే ఆ చోటి మీద కూర్చోవడం ఆపేయాలి. పుండు పడడానికి పూటైనా పట్టదు, మానడానికి నెలలు పడుతుంది. పక్షవాతం తట్టుకుని పుండుతో పోయినవాళ్లను చూశాను.

స్నేహితులకు చెప్పాల్సిన మాట ఇది. మీరు కబుర్లు చెబుతూ కూర్చుంటే ఆయన లేవడం మరిచిపోతాడు. లేదా మీ ముందు అలా లేవడానికి మొహమాటపడతాడు. మీ ఫోన్‌లో ఇరవై నిమిషాలకోసారి మోగేలా అలారం పెట్టుకోండి.

కాలినా తెలియదు. టీ గ్లాసు తొడల మధ్య పెట్టుకోకూడదు. ఎండలో నిలిపిన మోటారు సైకిలు సీటు, వేసవిలో గచ్చు, కాళ్ల దగ్గర దోమల చుట్ట, ఇవన్నీ జాగ్రత్త. చెప్పులు కొత్తవైతే సాయంత్రం పాదాలు చూడాలి.

మూలికతోట
ఇంతమంది ఇన్ని చెప్పారు కానీ అసలు నయం కావడం గురించి ఎవరూ మాట్లాడలేదు. మా మేనమామకు నడుము పడిపోతే ఒకాయన నలభై రోజులు నూనె మర్దన చేసి, ఇసుక మూటతో కాపడం పెట్టి లేపి నడిపించాడు. ఆసుపత్రుల వాళ్లు ఇవి చెప్పరు. ఒకసారి ప్రయత్నిస్తే పోయేదేముంది?

రాత్రిడ్యూటీ
పోయేది చర్మం. ఇప్పుడే చెప్పాను కదా, వేడి తెలియదని! కాపడం మూటతో రెండు పిర్రలూ కాలిపోయి వచ్చిన కుర్రవాడికి నేనే కట్లు కట్టాను. మీ మేనమామ గారికి నరం దెబ్బతిన్నదా, నడుము పట్టిందా? రెండూ ఒకటి కాదు.

మూలికతోట
డిస్కు అన్నారు. మరీ అంత కోపం ఎందుకండీ, మంచికే చెప్పాను.

జోడుచక్రాలు
మంచికే చెప్పారని తెలుసు. మా ఇంటికి మొదటి ఏడాది అలా మంచి చెప్పడానికి వచ్చినవాళ్లు ఏడుగురు. నాలుగు చోట్లకు వెళ్లాం. అరెకరం కొబ్బరితోట అమ్మాం. ఇప్పుడు దాని ముందు నుంచి వెళ్లినప్పుడల్లా కాయలు లెక్కపెడతాను. కాలవగట్టు గారూ, స్నేహితులుగా మీరు చేయగల పెద్ద పని ఇది: ఎవరో వచ్చి "ఫలానా ఊళ్లో ఒకాయన ఉన్నాడు" అన్నప్పుడు వాళ్ల అమ్మగారి పక్కన మీలో ఒకరు ఉండండి.

సీఎంసీ అంటే గుర్తొచ్చింది. ఆ విభాగం మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ గారు కూడా చక్రాల కుర్చీలోనే ఉండేవారు. 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమె వెన్ను దెబ్బతింది. ఆ తరవాత తను చక్రాల కుర్చీలో కూర్చునే, కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో ఆ పునరావాస కేంద్రం తెరిచారు. నేను అక్కడ ఉన్నప్పుడు మొదటి వారం ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె కథ ఒక వార్డు అబ్బాయి చెప్పాడు. కథ విని నేనేమీ మారిపోలేదు కానీ ఆ సాయంత్రం టీ అడిగి తాగాను.

లంకకోడలు
మొదటి నుంచి చదువుతున్నాను. ఐదుగురు స్నేహితులు, అమ్మగారు, తాతగారు, గడప, చివరికి ఎవరిదో మేనమామ కూడా వచ్చాడు. ఆయన భార్య ఎక్కడ?

మా ఆయనకు ఆరేళ్ల కిందట ఇలాగే అయింది, లారీ ప్రమాదం. ఆయన స్నేహితులు బంగారం. రోజూ సాయంత్రం ఆరింటికి వచ్చి పదింటి దాకా కూర్చునేవారు, ఆయన్ను నవ్వించేవారు. ఆ నాలుగు గంటల్లో నేను పద్దెనిమిది టీలు పెట్టాను ఒక రోజు. లెక్కపెట్టాను కాబట్టి చెబుతున్నాను. వాళ్లు వెళ్లాక ఆయన్ను పక్క మార్చి, బట్టలు మార్చి, పన్నెండుకు పడుకుంటే రెండింటికి మళ్లీ అలారం.

ఒకరోజు ఆ స్నేహితుల్లో ఒకాయన చెల్లెలు వచ్చి, "వదినా, ఈ రాత్రి మా అన్నయ్య ఆయనకు పక్క మారుస్తాడట, నువ్వు మా ఇంట్లో పడుకో" అంది. తెల్లారి తొమ్మిదింటికి లేచాను. ఆ ఇంటి ఫ్యాన్ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాలవగట్టు
సిగ్గుగా ఉంది. ఆవిడ నాకు వరసకు చెల్లెలు అవుతుంది, పెళ్లిలో తోడు వెళ్లింది మేమే. అయినా ఇంత పొడుగు రాసి ఒక్కమాట రాయలేదు. వాళ్లకు రెండో తరగతి చదివే పాప ఉంది, ఆ మాటా రాయలేదు.

ఇప్పుడే చెల్లితో మాట్లాడాను. ఏం కావాలమ్మా అంటే చాలాసేపు ఏమీ లేదంది. చివరికి రెండు చెప్పింది. పాపను బడికి దింపి తీసుకొచ్చేవాళ్లు కావాలి, ఆటో మాన్పించేసింది డబ్బు లేక. రెండోది, తను పూర్వం కుట్టే మిషను బాగు చేయించాలి. రెండూ ఈ రోజే అయిపోతాయి. రాత్రులు వారానికి రెండు మావి. పక్క మార్చడం వాడే మాకు నేర్పుతాడట, "గోనెసంచి దొర్లించినట్టు దొర్లిస్తే చంపేస్తాను" అన్నాడు. వాడు అలా మాట్లాడి నాలుగు నెలలు దాటింది.

పెసరట్టు_ఉప్మా
టీ ఫ్లాస్కు కూడా ఎవరి ఇంటి నుంచి వాళ్లు తెచ్చుకోండి.

లంకకోడలు
పెసరట్టు గారి మాటల్లో పనికొచ్చింది ఇదొక్కటే.

సచివాలయం_క్యూ
కాగితాల పని మీలో ఓపిక ఉన్నవాడికి అప్పగించండి, ఇంటివాళ్ల మీద వేయవద్దు. వైకల్యం ఎంత శాతమో చూసి ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి సచివాలయంలో తేదీ తీసుకోవాలి. ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, ఎమ్మారై, ఎక్స్‌రేలు అన్నీ నకళ్లు తీసి ఉంచండి, అసలు ప్రతులు ఎవరికీ ఇవ్వకండి. 2016 చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే చాలావాటికి అర్హత. దివ్యాంగులకు దేశమంతా చెల్లే గుర్తింపు కార్డు, యూడీఐడీ కూడా తీసుకోండి.

పింఛను రాష్ట్రంలో 2024 జూలై నుంచి దివ్యాంగులకు నెలకు 6,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. ఏ వరసలో రాస్తారన్నది ధ్రువపత్రంలో డాక్టరు రాసే మాట మీద ఉంటుంది. అందుకని ఆ రోజు తోడు వెళ్లండి, కాగితం అక్కడే చదవండి. మా తమ్ముడి విషయంలో ఒక్క మాట తప్పు పడి పదకొండు నెలలు తిరిగాం.

రైల్లో రాయితీ కార్డు ఉంటే తోడు లేకుండా వెళ్లలేని వారికీ, తోడు వచ్చేవారికీ స్లీపరులో, మూడో ఏసీలో టికెట్టు 75 శాతం తగ్గుతుంది. తిరిగి చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు పనికొస్తుంది.

పంటురేవు
మాది సఖినేటిపల్లి. 1996 నవంబరు తుఫాను నాకు పదకొండేళ్లప్పుడు వచ్చింది. మా వీధిలో కాళ్లు లేని పెద్దాయన ఒకరు ఉండేవారు. ఆయన్ను తలుపు రెక్క మీద పడుకోబెట్టి నలుగురు మోసి బడికి చేర్చారు. కాబట్టి ఇది కూడా రాసుకోండి: తుఫాను హెచ్చరిక వస్తే ఎవరు వెళ్లాలి, ఏ బండిలో, ఎక్కడికి. చివరి గంటలో కాదు, మొదటి హెచ్చరికకే కదలాలి. మూత్రం గొట్టాలు, మందులు, కాగితాలు ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. గాలి పరుపు కరెంటు మీద పనిచేసేదైతే, కరెంటు పోయిన మూడు రోజులు ఏం చేస్తారో కూడా.

కాలవగట్టు
ఈ పోస్టు ఒక్కటీ కాగితం మీద రాసి వాళ్ల బీరువా తలుపుకు అంటించాం.

పనులు ఇక్కడి దాకా వచ్చాయి. మరుగుదొడ్డి గోడలు లేచాయి. వాలుబాట మడత పెట్టాం, చపటా మీద ఇంకా తడి ఉంది. మా నాలుగోవాడు, తాపీపని గారు రాసింది చదివి కూడా, మేస్త్రీ మాట విని పై సగం నునుపుగా పాలిష్ చేయించేశాడు. మళ్లీ గీకించాం. వాడికి ఇప్పుడు పాలిష్ అని పేరు.

తాపీపని
మేస్త్రీ ఎవరో చెప్పకండి, నా శిష్యుడై ఉంటాడు.

కాలవగట్టు
వచ్చాడు. శేషాద్రిలో కాట్పాడి నుంచి రాజమండ్రి. ఇద్దరం వెళ్లి తీసుకొచ్చాం. దారిలో ఇరవై నిమిషాలకోసారి నా ఫోను మోగుతుంటే పక్క సీటు ఆయన "బాబూ, ఎవరో అంత ప్రేమగా చేస్తుంటే ఎత్తవెందుకు" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఎనిమిదైంది. చల్లగా ఉంది, వీధిలో ఎవరూ లేరు. ఎవరికీ చెప్పవద్దన్నాం కానీ ఊళ్లో ఏదీ దాగదు, కిటికీల వెనక అందరూ ఉన్నారు. వాలుబాట దగ్గర కారు ఆగగానే మా రెండోవాడు అలవాటుగా కుర్చీ వెనక పిడులు పట్టుకుని తోశాడు. కుర్చీలోవాడు బ్రేకు వేసి, "ఎవడ్రా అది, వదులు" అన్నాడు. వదిలాం. చపటా దాకా ఎక్కి ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. మళ్లీ ఎక్కాడు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. మేం ఐదుగురం కింద చేతులు కట్టుకుని నిలబడ్డాం, నా జీవితంలో అంత కష్టమైన పని చేయలేదు. గడప దగ్గర దిమ్మ మీదుగా ఎక్కుతుంటే అమ్మగారు హారతి పళ్లెంతో అడ్డం నిలబడి కదలరు. "అమ్మా, జారిపోతున్నాను, తప్పుకో" అంటే అప్పుడు తప్పుకున్నారు.

పాప కుర్చీ వెనక చక్రాల చువ్వలు లెక్కపెట్టింది. పరీక్షలో అడుగుతారేమో.

జోడుచక్రాలు
నాలుగు నిమిషాలు చాలా తక్కువ. నాకు మొదటిసారి ఏడు పట్టింది.

రాత్రిడ్యూటీ
చర్మం?

కాలవగట్టు
చూశాం. కుడి తుంటి దగ్గర కొంచెం ఎరుపు, ప్రయాణం వల్ల. రెండు రోజులు కూర్చోలేదు, పోయింది.

సంక్రాంతి కూడా అయిపోయింది, ఇంకొకటి చెప్పాలి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్దామన్నాడు. వాడే అన్నాడు. చిన్నప్పటి నుంచి ఆరుగురం మానకుండా వెళ్లిన తీర్థం. పదకొండు ఊళ్ల రుద్రులు ఎత్తైన వెదురు ప్రభల మీద, జనం భుజాలెక్కి వచ్చి అక్కడ కలుస్తారు, గంగలకుర్రు ప్రభలు కౌశిక నది దాటి వస్తుంటే చూడాలి. కానీ ఆ తోటలోకి చివర పావు మైలు చేలగట్లే. కుర్చీ చక్రం దిగబడిపోతుంది. మేం ఏమీ అనలేదు, ఇక్కడ నేర్చుకున్నది గుర్తుంది. వాడే కుర్చీ ఆపి, "ఇక మొయ్యండి" అన్నాడు. ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ పట్టుకోకూడదో ఒక్కొక్కరికీ చెప్పాడు. మెత్త ముందే వేయించాడు. గొట్టం పని బయలుదేరే ముందు కానిచ్చాడు. జనం అందరూ చూశారు. వాడు ప్రభలను చూశాడు. పక్కన వరినాట్లు తొక్కుకుంటూ ప్రభలు పరుగెడుతుంటే మాకంటే గట్టిగా అరిచాడు.

పూతరేకు
చూశారా! చివరికి ఎత్తుకునే వెళ్లారు! నేను మొదట్లోనే చెప్పాను!

జోడుచక్రాలు
మీరు చెప్పింది నిజమే, ఒప్పుకుంటున్నాను. రెండు నెలలు తొందరగా చెప్పారు.

లంకకోడలు
చెల్లెలు వెళ్లిందా తీర్థానికి?

కాలవగట్టు
వెళ్లింది, కానీ మాతో కాదు. వాళ్ల అక్కతో, పాపతో వెళ్లి గాజులు కొనుక్కుంది. మిషను మీద మూడు జాకెట్లు కుట్టిందట, పండగకు ఊరంతా ఆర్డర్లు.

నిన్న దింపు అయింది. వాడు అరుగు మీద నుంచి లెక్క చూశాడు. అంబాజీపేట వ్యాపారి వెయ్యి కాయలకు చెప్పిన రేటుకు మేమైతే సరేనని వచ్చేవాళ్లం, వాడు గంటసేపు బేరమాడాడు. మమ్మల్ని చెట్టు కిందికి కూడా రానివ్వలేదు, కాయ నెత్తిన పడుతుందని.

పెసరట్టు_ఉప్మా
అంతా బాగుంది. ఫ్లెక్సీ సంగతి చెబుతానని నవంబరులో మాట ఇచ్చారు.

కాలవగట్టు
ఇక దాచేదేముంది. దాంట్లో వాడి ఫొటో మధ్యలో అరచేయంత ఉంటుంది. మా ఐదుగురివీ చుట్టూ ఒక్కొక్కటి రెండడుగులు. నల్ల కళ్లద్దాలతో. మూడోవాడు ఫోన్ మాట్లాడుతున్నట్టు పెట్టాడు.

నిన్న సాయంత్రం మబ్బు పట్టింది, దింపిన కాయలు పెరట్లో కుప్పగా ఉన్నాయి. టార్పాలిన్ ఏదిరా అంటే లేదు. "ఆ ఫ్లెక్సీ ఉందిగా, తెండి" అన్నాడు. తెచ్చి బొమ్మలు కిందికి పెట్టి కప్పబోతే, "అలా కాదు, పైకి పెట్టండి, కాకులు రావు" అన్నాడు.